బరువైన ట్రాక్టరు పనిముట్లను సురక్షితంగా దింపడం, జోడించడం: ఉత్తర కోస్తా జిల్లాలకు కొన్ని సూత్రాలు

వ్యవసాయ యాంత్రీకరణను గురించి చర్చించేటప్పుడు సాధారణంగా దుక్కి లోతు, గంటకు దున్నే విస్తీర్ణం, డీజిల్ వినియోగం, కూలి ఖర్చులో ఆదా వంటి అంశాలే ప్రస్తావనకు వస్తాయి. పనిముట్టు పొలంలో పనిచేసిన గంటలను లెక్కిస్తాము గాని, అది వాహనం నుండి నేలకు దిగడానికి, ట్రాక్టరుకు జోడించడానికి, పని ముగిశాక తిరిగి విడదీయడానికి పట్టే సమయాన్ని లెక్కలోనికి తీసుకోము. నాలుగు వందల కిలోల ఇనుము మనిషి చేతులకు, పాదాలకు అతి సమీపంగా వచ్చేది మాత్రం ఈ లెక్కకు రాని సమయంలోనే. దున్నేటప్పుడు రోటవేటరు దగ్గర మనిషి ఉండనవసరం లేదు. దింపేటప్పుడు దాని చుట్టూ ఐదారుగురు ఉంటారు.

ఈ పనిలో ఇమిడి ఉన్న యాంత్రిక సూత్రాలను, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సాగు పరిస్థితులకు తగిన సురక్షిత పద్ధతులను, విస్తరణ సిబ్బంది శిక్షణలో చేర్చవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తర కోస్తాలో ఈ సమస్య ఎందుకు ముఖ్యం?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమత విస్తీర్ణం 0.94 హెక్టారు మాత్రమే. ఇంత చిన్న కమతం గల రైతు రోటవేటరు, విత్తన గొర్రు, గడ్డి చుట్టే బేలరు వంటి వాటిని సొంతంగా కొనడం ఆర్థికంగా సాధ్యపడదు. అందుకే 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ క్రింద అద్దె యంత్ర కేంద్రాలను ప్రోత్సహించారు. రాష్ట్రంలో 2022 జూన్ 7న గుంటూరులో ప్రారంభించిన యంత్ర సేవా పథకం ద్వారా 40 శాతం రాయితీతో రైతు బృందాలకు ట్రాక్టర్లు, పనిముట్లు సమకూరాయి. ఇది హర్షించదగిన పరిణామమే. అయితే దీని పర్యవసానం ఒకటి గమనించాలి. ఒక రైతు సొంత పనిముట్టు ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే విప్పి తగిలించబడుతుంది. పదిమంది పంచుకునే పనిముట్టు అదే ఏడాదిలో ఎన్నో రెట్లు ఎక్కువసార్లు ఎక్కుతుంది, దిగుతుంది. ప్రతి దింపుడులోనూ అంతో ఇంతో ప్రమాదం ఉంటుంది కనుక, ఉమ్మడి వాడకం పెరిగేకొద్దీ ప్రమాద అవకాశం కూడా పెరుగుతుంది.

రెండవ కారణం మన పంటల కాలక్రమం. జూన్‌లో తొలకరి దుక్కికి కల్టివేటరు, ఎద పద్ధతిలో వరి విత్తే చోట విత్తన గొర్రు, జూలై, ఆగస్టు మాసాలలో చెరువుల క్రింద, వంశధార, నాగావళి కాలువల క్రింద దమ్ముకు ఇనుప చక్రాలు, రోటవేటరు, నవంబరు, డిసెంబరులలో నూర్పిడి యంత్రాలు, తరువాత బేలర్లు, వరి మాగాణుల్లో మొక్కజొన్న విత్తే యంత్రాలు వరుసగా అవసరమవుతాయి. ఒకే ట్రాక్టరుకు కొద్ది వారాలలోనే మూడు నాలుగు పనిముట్లు మారుతాయి. వాన పడి పదును దొరికిన రోజున అందరికీ ఒకేసారి పనిముట్టు కావాలి. అక్టోబరు, నవంబరు మాసాలలో తుఫాను హెచ్చరిక వస్తే ఆ తొందర రెట్టింపవుతుంది. తడిసిన నేల, జారే పలకలు, చీకటి పడే వేళ, తొందర – ఈ నాలుగూ కలిసిన సమయంలోనే బరువులు దింపవలసి రావడం ఇక్కడి వాస్తవం.

మూడవది మనుషుల కొరత. ఈ జిల్లాల నుండి పని వయస్సులోని పురుషులు విశాఖపట్నం, హైదరాబాదు మొదలుకొని దూర ప్రాంతాలకు వలస పోవడం ఎంతో కాలంగా ఉన్నదే. కనుక దింపే సమయంలో సాయానికి దొరికేది పెద్ద వయస్సు వారు, చదువుకునే కుర్రవాళ్లు, దారిన పోయేవారు. వారిలో చాలామందికి ఆ యంత్రం ఎక్కడ బరువుగా ఉంటుందో, ఏది కదులుతుందో తెలియదు. డ్రైవరుకైనా ఎంతో కొంత శిక్షణ లభిస్తుంది. అతని వెంట ఉండి పిన్నులు తగిలించే సహాయకునికి ఏ శిక్షణా లేదు. పనిముట్టుకు, ట్రాక్టరుకు మధ్య నిలబడేది అతడే.

బరువు ఎంత, మనిషి సత్తా ఎంత?

పనిముట్టు బరువు దాని వెడల్పు, తయారీని బట్టి మారుతుంది. తొమ్మిది కర్రుల కల్టివేటరు సుమారు 200 నుండి 280 కిలోలు, విత్తనం, ఎరువు కలిపి వేసే గొర్రు ఖాళీగా 250 నుండి 350 కిలోలు, ఐదారు అడుగుల రోటవేటరు 350 నుండి 450 కిలోల వరకు ఉంటాయి. రెండు రెక్కల తిరగేసే నాగలి కూడా దాదాపు ఇదే శ్రేణిలోనిది. కచ్చితమైన బరువును పనిముట్టుపై బిగించిన రేకు మీదనో, తయారీదారు పుస్తకంలోనో చూసి, చట్రంపై పెద్ద అంకెలతో రంగుతో వ్రాయించడం మొదటి జాగ్రత్త. బరువు తెలియని వస్తువును ఎత్తడానికి ఎవరూ పూనుకోరాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన 128వ సిఫారసు ప్రకారం వయోజనుడైన పురుషుడు ఒక్కడు మోసే బరువు 55 కిలోలకు మించకూడదు. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రంలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగిన బరువు 23 కిలోలు మాత్రమే. వంగి, చేతులు చాచి, బురదలో నిలబడి ఎత్తేటప్పుడు ఈ పరిమితి ఇంకా తగ్గుతుంది.

400 కిలోల రోటవేటరును నలుగురు పట్టితే తలా 100 కిలోలు. ఎనిమిదిమంది పట్టినా 50 కిలోలు. పైగా ఈ లెక్క అందరూ సమానంగా మోస్తారన్న ఊహ మీద ఆధారపడినది. వాస్తవంలో గేరు పెట్టె ఉన్న వైపు బరువు ఎక్కువ, పట్టు తక్కువ. ఒకరి కాలు జారితే అతని వాటా క్షణంలో పక్కవారి మీద పడుతుంది. వారు తట్టుకోలేక వదిలితే యంత్రం మొత్తం ఒరుగుతుంది. కనుక ‘ఇంకా ఇద్దరిని పిలవండి’ అనేది ఈ సమస్యకు పరిష్కారం కాదు. బరువును మనుషుల మీద నుండి నేల మీదకు, వాలు మీదకు, గొలుసు మీదకు మార్చడమే పరిష్కారం.

ఎత్తి నిలిపినది ఆధారం కాదు

హారీ ఫెర్గూసన్ అభివృద్ధి చేసిన మూడు బిందువుల జోడింపు విధానం 1930లలో ట్రాక్టర్లపైకి వచ్చింది. రెండు క్రింది లింకులు, ఒక పై లింకు పనిముట్టును పట్టి ఉంచగా, హైడ్రాలిక్ వ్యవస్థ దానిని ఎత్తుతుంది. ఈ విధానం ఎంత సౌకర్యవంతమో, దానిని గురించిన అపోహ అంత ప్రమాదకరం. లీవరు పైకి లాగితే పనిముట్టు గాలిలో నిలుస్తుంది కనుక అది స్థిరంగా ఉన్నదని చూసేవారు భావిస్తారు. వాస్తవంలో దానిని నిలిపి ఉంచుతున్నది సిలిండరులో బంధింపబడిన నూనె మాత్రమే. సీలు అరిగితే, వాల్వులో మట్టి చేరితే అది కొద్దికొద్దిగా దిగుతుంది.

అంతకంటె ముఖ్యమైన విషయం ఒకటి విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పనిముట్టు పైకి లేవాలంటే ఇంజను నడవాలి. క్రిందికి దిగడానికి ఇంజను అక్కరలేదు. ఇంజను ఆపి ఉన్నా, లీవరు క్రిందికి జరిగితే పనిముట్టు తన బరువుతోనే దిగుతుంది. ట్రాక్టరు ఎక్కి ఆడుకునే పిల్లవాని చేయి తగిలినా, దిగే డ్రైవరు తువాలు చిక్కినా చాలు. తాళం తీసినంత మాత్రాన యంత్రం నిరపాయమైపోదు.

లింకు పిన్ను ఊడితే పరిస్థితి మరింత విషమం. 60 సెంటీమీటర్ల ఎత్తు నుండి ఆటంకం లేకుండా పడే వస్తువు నేలను తాకడానికి పట్టే సమయం సుమారు 0.35 సెకను. ప్రమాదాన్ని గమనించి పాదం వెనక్కి తీయడానికి ఆ వ్యవధి సరిపోదు. 400 కిలోల పనిముట్టు అంత ఎత్తు నుండి పడితే దాదాపు 2,350 జౌళ్ల శక్తి విడుదలవుతుంది. బూటు గాని, చేతి తొడుగు గాని దీనిని ఆపలేవు.

ఎద్దుబండి తోలేవారు ఈ సూత్రాన్ని ఏనాడో ఎరుగుదురు. నొగ క్రింద ఊతకర్ర నిలపనిదే ఎడ్ల మెడ నుండి కాడి దించరు. ట్రాక్టరు పనిముట్టుకు కూడా అదే నియమం వర్తిస్తుంది: పని ఆగిన వెంటనే దానిని నేల మీదకు పూర్తిగా దించాలి, దించడం సాధ్యం కానప్పుడు గట్టి కలప దిమ్మెలనో, ఇనుప ఊతలనో చట్రం క్రింద నిలిపిన తరువాతనే దాని క్రిందికి చేయి పోనివ్వాలి. కర్రులు మార్చేటప్పుడు, రోటవేటరు బ్లేళ్లకు చుట్టుకున్న గడ్డి తీసేటప్పుడు ఈ నియమాన్ని ఎక్కువగా ఉల్లంఘిస్తారు. ఇటుకలు, రాళ్లు, సిమెంటు దిమ్మెలు ఊతగా పనికిరావు. అవి ముందస్తు సూచన లేకుండా పగులుతాయి. ఒక్క జాకీ మీద ఆధారపడడం కూడా తగదు.

వాహనం నుండి దింపే పద్ధతులు

గట్టుకు ఆనించి దింపడం: అన్నిటికంటె సురక్షితమైన పద్ధతి అసలు ఎత్తును లేకుండా చేయడం. వాహనం పలక ఎంత ఎత్తున ఉన్నదో అంత ఎత్తుగా మట్టి దిబ్బను కట్టి, ముందు అంచుకు రాతి కట్టడం చేసి, వెనుక వైపు పొడవైన వాలు ఇస్తే, వాహనాన్ని వెనుకకు ఆనించి పనిముట్టును సమతలంగా జరపవచ్చు. చిన్న వాహనాలకు సుమారు 70 సెంటీమీటర్లు, పెద్ద వాటికి సుమారు ఒక మీటరు చొప్పున ఒకే దిబ్బకు రెండు వైపుల రెండు ఎత్తులు ఏర్పాటు చేసుకోవచ్చు. కట్టే ముందు గ్రామానికి వచ్చే వాహనాల పలక ఎత్తును టేపుతో కొలవాలి. కళ్లం దగ్గర సహజంగా ఉన్న ఎత్తు పల్లాలను కూడా వాడుకోవచ్చు. చెరువు గట్లను, కాలువ గట్లను ఇందుకు కోయరాదు.

వాలు పలకల మీద దింపడం: పలక ఎంత పొడవుగా ఉంటే బరువు లాగుడు అంత తగ్గుతుంది. ఒక మీటరు ఎత్తు నుండి మూడు మీటర్ల పలక మీద దింపితే, ఘర్షణను లెక్కించకుండా చూస్తే, 400 కిలోల బరువులో మూడో వంతు, అనగా సుమారు 133 కిలోలు క్రిందికి లాగుతుంది. నాలుగు మీటర్ల పలక అయితే అది 100 కిలోలకు తగ్గుతుంది. పొడి కలప మీద ఘర్షణ కొంత ఆపుతుంది గాని, వాన తడి, బురద, గ్రీజు తగిలితే ఆ సాయం పోతుంది. ఈ ప్రాంతంలో తాటి, కొబ్బరి మొద్దులను వాలుగా వేయడం వాడుకలో ఉన్నది. గుండ్రని మొద్దు దొర్లుతుంది. ఉద్దాన ప్రాంతంలో విరివిగా దొరికే కొబ్బరి మొద్దు వానకు నాని లోపల పుచ్చి ఉన్నా పైకి కనబడదు. చదునుగా కోసిన గట్టి పలకలనే వాడి, వాటి పై కొనలను వాహనానికి గొలుసుతో కట్టాలి. పలక మధ్య భాగం క్రింద ఒక ఊత నిలపాలి.

దింపేటప్పుడు మనుషులు ఎదురుగా నిలబడి ఆపడం సరికాదు. పై వైపు నుండి మోకుతో ఆపాలి. మోకును చేతులతో పట్టుకోవడం కంటె గట్టిగా పాతిన గుంజకు గాని చెట్టు మొదలుకు గాని చుట్టి వదలడం ఎంతో మేలు. ఘర్షణ గుణకం 0.25 అనుకుంటే, ఒక పూర్తి చుట్టుతో పట్టవలసిన బలం దాదాపు ఐదో వంతుకు తగ్గుతుంది. 133 కిలోల లాగుడును ఒక్క చుట్టుతో సుమారు 28 కిలోల పట్టుతో, రెండు చుట్లతో 6 కిలోల పట్టుతో నిలపవచ్చు. మోకును చేతికి గాని నడుముకు గాని చుట్టుకోరాదు. పలకలకు ఇరువైపులా, దిగువన ఎవరూ ఉండరాదు.

గొలుసు కప్పీ, క్రేను లేదా జేసీబీతో దింపడం: ఇది సులభమైన పద్ధతే గాని గొలుసు కట్టే కోణం మీద శ్రద్ధ అవసరం. రెండు పాయలుగా కట్టినప్పుడు పాయలు నేలతో చేసే కోణం తగ్గేకొద్దీ ఒక్కొక్క పాయ మీద పడే లాగుడు పెరుగుతుంది. 400 కిలోల బరువుకు 60 డిగ్రీల వద్ద ఒక్కొక్క పాయ మీద 231 కిలోలు, 45 డిగ్రీల వద్ద 283 కిలోలు, 30 డిగ్రీల వద్ద 400 కిలోలు పడతాయి. అంటే పొట్టి గొలుసుతో చదునుగా కడితే రెండు పాయలున్నా ఒక్క పాయ ఉన్నట్లే. పొడవైన గొలుసు వాడి కోణాన్ని 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచడం మంచిది. పాత టైరు ముక్కలు, ఎడ్ల పగ్గాలు, పలుపులు ఈ పనికి తగవు.

ముందుగా పది సెంటీమీటర్లు మాత్రమే ఎత్తి ఆపి చూడాలి. పనిముట్టు ఒక వైపు ఒరిగితే దించి, కొక్కేన్ని ఆ వైపునకు జరిపి మళ్లీ కట్టాలి. వేలాడే పనిముట్టును చేత్తో తిప్పక, రెండు కొనలకు కట్టిన తాళ్లతో దూరం నుండి మళ్లించాలి. చెట్టు కొమ్మకు కప్పీ కట్టడం ఊళ్లలో కనిపించే అలవాటు. కొమ్మ బలాన్ని అంచనా వేయడానికి మార్గం లేదు కనుక దానిని ప్రోత్సహించరాదు. పైన కరెంటు తీగలు ఉన్న చోట క్రేను వాడరాదు.

లింకులకు దూలం కట్టి ఎత్తడం: ట్రాక్టరు క్రింది లింకులకు పొడవైన దూలం బిగించి, దాని కొనకు పనిముట్టును వేలాడదీసి దింపడం కొన్నిచోట్ల ఆచరణలో ఉన్నది. ఇది ఎందుకు కూడదో ఒక ఉదాహరణ చూద్దాం. 1,900 కిలోల ట్రాక్టరులో ముందు ఇరుసు మీద 700 కిలోలు, చక్రాల మధ్య దూరం 1.9 మీటర్లు అనుకుందాం. 400 కిలోల పనిముట్టు గురుత్వ కేంద్రం వెనుక ఇరుసుకు 1.4 మీటర్ల దూరంలో ఉంటే ముందు ఇరుసు నుండి సుమారు 295 కిలోలు తగ్గి 405 కిలోలు మిగులుతాయి. దూలం వలన ఆ దూరం 2.8 మీటర్లయితే 590 కిలోలు తగ్గి 110 కిలోలే మిగులుతాయి. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం 20 శాతం, ఇక్కడ 380 కిలోలు, ముందు ఇరుసు మీద ఉండాలన్నది సాధారణ సూత్రం. అది తప్పితే స్టీరింగు పనిచేయదు. చిన్న కుదుపుకే ముందు చక్రాలు లేస్తాయి. ముందు బంపరు మీద ఇద్దరిని కూర్చోబెట్టి సరిచేయడం ప్రమాదాన్ని మరో ఇద్దరికి పంచడమే.

జోడించడం, విడదీయడం

ట్రాక్టరును వెనుకకు నడిపేటప్పుడు దానికీ పనిముట్టుకూ మధ్య ఎవరూ ఉండరాదు. సైగ చేసే వ్యక్తి డ్రైవరుకు కనబడేలా పక్కగా నిలబడాలి. సైగ ఒక్కరే చేయాలి. ట్రాక్టరు పూర్తిగా ఆగి, గేరు న్యూట్రలులోకి వచ్చి, చేతి బ్రేకు వేసి, ఇంజను ఆపిన తరువాతనే సహాయకుడు లోపలికి వెళ్లాలి. రంధ్రం కలవలేదని ఇంజను నడుస్తుండగా ‘ఇంకొంచెం వెనక్కి’ అంటూ వేలితో రంధ్రాన్ని వెదకడమే వేళ్లు తెగడానికి ప్రధాన కారణం. రంధ్రాలు కలిశాయో లేదో చూడడానికి వేలు గాక, ఒక ఇనుప చువ్వను వాడాలి.

ముందు ఎడమ క్రింది లింకు, తరువాత ఎత్తు సర్దుబాటు గల కుడి క్రింది లింకు, చివరకు పై లింకు తగిలించాలి. విడదీసేటప్పుడు ఈ క్రమం తలక్రిందులవుతుంది. పై లింకు తీసే ముందు పనిముట్టు తన కాళ్ల మీద గాని ఊతల మీద గాని స్థిరంగా నిలిచినదో లేదో చూడాలి; లింకు బిగుతుగా ఉంటే సర్దుబాటు మరను తిప్పి వదులు చేయాలి తప్ప సుత్తితో పిన్నును కొట్టి ఊడదీయరాదు.

పిన్నుల పరిమాణం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మొదటి తరగతి జోడింపులో క్రింది పిన్ను వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు, రెండవ తరగతిలో సుమారు 28 మిల్లీమీటర్లు ఉంటుంది. అద్దె కేంద్రంలో ఒకే పనిముట్టు వేర్వేరు ట్రాక్టర్లకు తగిలించబడుతుంది కనుక, పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వదులుగా ఆడే అవకాశం ఎక్కువ. తగిన బుష్షు వేయాలి. పిన్ను జారకుండా ఆపే క్లిప్పుకు బదులు మేకు, వంచిన తీగ, కర్ర పుల్ల వాడడం వలన పిన్ను ఊడి పడే ప్రమాదం ఏర్పడుతుంది. ఆ క్లిప్పు ఖరీదు కొద్ది రూపాయలే. ప్రతి పనిముట్టుతో రెండు అదనపు క్లిప్పులు పంపడం కేంద్రం బాధ్యత.

పి.టి.ఓ. షాఫ్టును అన్నిటికంటె చివర తగిలించి, అన్నిటికంటె ముందు తీయాలి. నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. లుంగీ అంచు, తువాలు, వదులు చొక్కా చిక్కితే వెనక్కి లాగుకునే వ్యవధి ఉండదు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు విరిగితే మార్చిన తరువాతనే యంత్రాన్ని అద్దెకు ఇవ్వాలి.

కొన్ని పనిముట్ల ప్రత్యేకతలు

రోటవేటరు: గేరు పెట్టె వైపు బరువు ఎక్కువ కనుక ఎత్తేటప్పుడు ఆ వైపు ఒరుగుతుంది. నిలుపు కాళ్లు రెండూ దించి, చదునైన నేల మీదనే విడదీయాలి.

తిరగేసే రెక్క నాగలి: ఎత్తుగా, సన్నగా ఉండడం వలన పక్కకు పడుతుంది. మెత్తని నేల మీద కాలు దిగబడుతుంది కనుక దాని క్రింద పలక ముక్క వేయాలి.

ఇనుప చక్రాలు: నిలబెట్టి గోడకు ఆనిస్తే దొర్లి పడతాయి. పిల్లలు తిరిగే చోట ఇది మరీ ప్రమాదం. ఎల్లప్పుడూ పడుకోబెట్టి ఉంచాలి. బిగించే ముందు ట్రాక్టరు ఇరుసు క్రింద ఊత నిలపాలి.

విత్తన గొర్రు: విత్తనం, ఎరువు నింపిన పెట్టెతో దింపరాదు. ఖాళీ చేస్తే బరువు తగ్గడమే గాక, సరుకు ఒక వైపు జారి యంత్రం ఒరగడం కూడా తప్పుతుంది.

ప్రమాదం సంభవిస్తే

పనిముట్టు క్రింద చిక్కిన వ్యక్తిని లాగరాదు. కంగారులో ట్రాక్టరును ముందుకు నడపడం వలన గాయం పెరుగుతుంది. ఇంజను ఆపి, జాకీతో గాని గునపాలతో గాని పనిముట్టును ఎత్తి, ఎత్తిన ప్రతి అంగుళానికి కలప దిమ్మె వేస్తూ విడిపించాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. రక్తస్రావం ఉన్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. పసుపు, కాఫీ పొడి, గ్రీజు పూయరాదు. తెగిన వేలిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు నీటిలో ఉంచి రోగితో పాటే పంపాలి. మంచు వేలికి నేరుగా తగలరాదు. హైడ్రాలిక్ గొట్టం చిల్లి నుండి చిమ్మిన నూనె చర్మంలోకి దూరితే గాయం సూదిపోటులా చిన్నదిగా కనిపించినా అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర స్థితి. నూనె కారే చోటును చేత్తో తడిమి వెదకరాదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి.

ఆర్థిక కోణాన్ని కూడా గమనించాలి. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి రెండు లక్షల రూపాయల రక్షణ లభిస్తుంది. 18 నుండి 70 ఏళ్ల వయస్సు గల ప్రతి సహాయకుడూ ఇందులో చేరేలా చూడాలి. అయితే ఇందులో పాక్షిక వైకల్యం అంటే ఒక కంటి చూపు గాని, ఒక చేయి లేదా పాదం వినియోగం గాని పోవడం. రెండు వేళ్లు పోయిన సహాయకుడు ఈ నిర్వచనంలోకి రాడు. నారు పీకడానికి, కొడవలి పట్టడానికి, మోపు కట్టడానికి ఆ వేళ్లే ఆధారమైన మనిషికి నష్టం మాత్రం జీవితాంతం ఉంటుంది. ఈ గాయాల విషయంలో నివారణ తప్ప వేరే రక్షణ లేదు.

విస్తరణ వ్యవస్థ చేపట్టవలసినవి

1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం నూర్పిడి యంత్రాల భద్రతపై దృష్టి నిలిపింది. నూర్పిడి యంత్రంలో చేయి పోవడాన్ని సమాజం ఒక సమస్యగా గుర్తించినందువల్లనే ఆ చట్టం వచ్చింది. పనిముట్లు దింపేటప్పుడు జరిగే గాయాలకు ఆ గుర్తింపు ఇంకా రాలేదు. ‘చేతులు చూసుకోలేదు’ అని బాధితుని అజాగ్రత్తగానే వాటిని తీసివేస్తున్నారు. ఈ దృక్పథం మారాలంటే కొన్ని చర్యలు అవసరం.

మొదటిది, యంత్రాల వాడకంపై ఇచ్చే ప్రతి శిక్షణలో దింపడం, జోడించడం, విడదీయడం ఒక ప్రత్యేక పాఠంగా ఉండాలి. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలలో జరిగే శిక్షణలకు రైతుతో పాటు సహాయకుని కూడా పిలవాలి. పిన్ను తగిలించే పనిని అతని చేతనే చేయించి చూపాలి.

రెండవది, అద్దె కేంద్రం అద్దెకు ఇచ్చే పనిముట్టుతో పాటు రెండు పలకలు, నాలుగు దిమ్మెలు, ఒక మోకు, అదనపు క్లిప్పులు పంపే ఏర్పాటు ఉండాలి. వీటి మొత్తం ఖర్చు పనిముట్టు ధరలో స్వల్ప భాగం మాత్రమే. పనిముట్టు తిరిగి వచ్చినప్పుడు పిన్నులు, తొడుగు, నిలుపు కాళ్లు సరిగా ఉన్నవో లేదో పుస్తకంలో నమోదు చేయాలి.

మూడవది, ప్రతి కేంద్రం వద్ద ముందు వివరించిన దిబ్బను నిర్మించుకోవాలి. వాహనం పలక ఎత్తుకు కట్టిన ఒక్క మట్టి దిబ్బ ఎన్ని ఉపన్యాసాల కంటె ఎక్కువ ప్రమాదాలను నివారిస్తుంది. ఎందుకంటే అది మనిషి జాగ్రత్త మీద గాక నేల ఎత్తు మీద ఆధారపడుతుంది.

నాలుగవది, నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా తాము ఉండే గ్రామంలో పనిముట్లు ఎక్కడ, ఎవరు, ఏ సాధనాలతో దింపుతున్నారో, గడచిన ఏడాదిలో ఎవరికి ఏ గాయమైనదో నమోదు చేయాలి. ఆసుపత్రి వరకు పోని చిన్న గాయాలను, తృటిలో తప్పిన ప్రమాదాలను కూడా వ్రాయాలి. ఇటువంటి సమాచారం గ్రామ స్థాయిలో సమకూరితేనే శిక్షణ దేనిపై కేంద్రీకరించాలో తెలుస్తుంది. బీమా నిర్వచనాల సవరణకు అడగడానికి కూడా ఆధారం ఏర్పడుతుంది.

యంత్రం వలన ఆదా అయిన కూలి దినాలను మనం నివేదికలలో చూపుతున్నాము. ఆ యంత్రాన్ని దింపడంలో పోయిన పని దినాలను కూడా అదే పట్టికలో, పక్క వరుసలో వ్రాయడం ఆరంభించాలి. అప్పుడు గాని మన జిల్లాలలో యాంత్రీకరణ ఎవరికి ఎంత మేలు చేసినదో సరైన లెక్క తేలదు.